వెగాస్ ఫ్యామిలీ ఊరేనా? హోటల్ లోపలి మనిషి చెప్పే అపోహలు - వాస్తవాలు

మే నెల వచ్చిందంటే నా వాట్సాప్ నిండా ఒకటే ప్రశ్న. "అక్కా, అత్తయ్య మావయ్య ఇండియా నుంచి వచ్చారు, గ్రాండ్ క్యాన్యన్ తీసుకెళ్దాం అనుకుంటున్నాం, మధ్యలో వెగాస్‌లో రెండు రాత్రులు ఆగుదామా, పిల్లలు కూడా ఉన్నారు, బాగోదేమో కదా?" ఇది అడిగేవాళ్ళు సగం మంది, మిగతా సగం మంది పూర్తిగా రివర్సు, "ఇప్పుడు వెగాస్ అంటే డిస్నీల్యాండ్ లాంటిదే అంట కదా, మా వాడికి ఐదేళ్ళు, నాలుగు రోజులు బుక్ చేశా" అని చెప్పి మరీ డిస్కౌంట్ అడుగుతారు. రెండు పార్టీలకీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఇక్కడ రాసేస్తున్నా.

నేను పదకొండేళ్ళుగా స్ట్రిప్ మీద, అంటే లాస్ వెగాస్‌లో పెద్ద కాసినో హోటళ్ళన్నీ వరసగా ఉండే రోడ్డు మీద, హోటళ్ళలోనే పని చేస్తున్నా. మొదట మూడేళ్ళు ఫ్రంట్ డెస్క్, తర్వాత నుంచి రూమ్ రేట్లు పెట్టే టీమ్. అంటే నిన్న తొంభై చూపించి ఇవాళ రెండొందలు చూపిస్తే మీరు ఫోన్ పట్టుకుని ఎవరినో తిట్టుకుంటారు చూడండి, ఆ ఎవరో నేనే.

అపోహ: జూదం ఊరు కాస్తా ఇప్పుడు ఫ్యామిలీ ఊరైపోయింది

ఈ ముచ్చట ఒకసారి తీర్చుకున్నారండి, ముప్ఫై ఏళ్ళ కిందట. 1989లో మిరాజ్ అని ఒక హోటల్ వచ్చింది, ముందర అగ్నిపర్వతం, లోపల తెల్ల పులులు. జనం ఆ అగ్నిపర్వతం పేలడం చూడ్డానికే రోడ్డు మీద ఎగబడ్డారు. అది చూసి అందరికీ ఆశ పుట్టింది. 1990లో ఎక్స్‌కాలిబర్ కోట కట్టారు, నాలుగు వేల రూములు. ఇక 1993 అయితే పూనకమే, ఆగస్టులో సర్కస్ సర్కస్ వాళ్ళు గాజు గోపురం కింద ఇండోర్ రైడ్లు, అక్టోబర్‌లో పిరమిడ్ ఆకారంలో లక్సర్, అదే నెలలో రోడ్డు పక్కనే ఓడలు కట్టి సముద్రపు దొంగల యుద్ధం చూపించే ట్రెజర్ ఐలాండ్, డిసెంబర్‌లో ఎంజీఎం గ్రాండ్, 5,005 రూములు, వెనకాల 33 ఎకరాల్లో థీమ్ పార్క్.

ఆ పార్క్ 2000 దాకా ఏదో ఈడ్చుకొచ్చి మూసేశారు. కారణం పెద్ద రహస్యమేం కాదు. పార్కుకి వచ్చిన కుటుంబం పొద్దున్నుంచీ పార్కులోనే ఉంటుంది, సాయంత్రానికి పిల్లలు సోలిపోతారు, రూమ్‌కెళ్ళి పిజ్జా తిని పడుకుంటారు. రూమ్‌లో నలుగురున్నా పర్సు ఒక్కటే. అదే రూమ్‌లో పిల్లల్లేని జంట ఉంటే డిన్నర్, షో, మందు, ఇంకో గంట టేబుల్ దగ్గర. హోటల్ వాడికి లెక్క ఒక్క ఏడాదిలోనే అర్థమైపోయి ఉంటుంది, ఒప్పుకోవడానికే టైమ్ పట్టింది. 1998లో బెలాజియో తెరిచారు, 160 కోట్ల డాలర్ల ఖర్చు, ఫౌంటెన్లు, పెద్ద పెద్ద చెఫ్‌ల రెస్టారెంట్లు, పిల్లల ఊసే లేదు. 2003కి వచ్చేసరికి ట్రెజర్ ఐలాండ్‌లో దొంగల షో పోయి పెద్దవాళ్ళ కోసం అరకొర బట్టల షో వచ్చింది, అదే ఏడు ఊరి ప్రచారం కూడా "ఇక్కడ జరిగింది ఇక్కడే ఉండిపోతుంది" అనే లైన్‌కి మారింది. ఐదేళ్ళ పిల్లాడిని తీసుకురమ్మని పిలిచే ఊరు అలాంటి యాడ్ వేసుకోదు కదా.

(పక్క కథ ఒకటి. ఎంజీఎం గ్రాండ్ తెరిచినప్పుడు మెయిన్ ద్వారం పెద్ద సింహం నోట్లోంచి వెళ్ళేలా ఉండేది. ఆసియా నుంచి వచ్చే పెద్ద ఆటగాళ్ళు సింహం నోట్లోకి నడిచెళ్ళి ఆడితే అచ్చిరాదని అటు రావడం మానేశారు, దాంతో కొన్నేళ్ళకే ఆ నోరు తీసేసి సింహాన్ని పక్కన కూర్చోబెట్టారు. వాస్తు మన దగ్గరే కాదు.)

అందుకని నా మాట అడిగితే, వెగాస్ ఎప్పుడూ ఫ్యామిలీ ఊరు అవ్వలేదు. జూదం ఆడనివాడి దగ్గర కూడా డబ్బు ఎలా రాబట్టాలో నేర్చుకున్న ఊరు అయింది. ఈ రెండూ ఒకటే అనుకునే దగ్గరే అందరూ తప్పులో కాలేస్తారు.

అపోహ: డబ్బంతా కాసినోదే, రూములూ తిండీ ఎర మాత్రమే

మీ బాబాయ్ 1985లో వచ్చుంటే ఇది నిజమే. అప్పట్లో రూమ్ చవక, బఫే ఇంకా చవక, కడుపు నిండా పెట్టి పంపితే టేబుల్ దగ్గర ఎలాగూ లాగేసుకోవచ్చు అనే లెక్క. అప్పుడు స్ట్రిప్ హోటళ్ళ రాబడిలో సగానికి పైన జూదానిదే. 1999 ప్రాంతంలో ఆ బొమ్మ తిరగబడింది, రూములు, తిండి, మందు, షోలు కలిపితే జూదాన్ని దాటేశాయి. ఇప్పుడు జూదం వాటా నాలుగో వంతుకి కాస్త అటూ ఇటూ.

దీని వల్ల మీ జేబుకి ఏమైందో చూడండి. ఎర అనుకున్నప్పుడు నష్టానికైనా ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు ప్రతి డిపార్ట్‌మెంటూ తన కాళ్ళ మీద తాను నిలబడి లాభం చూపించాలి, బఫే మేనేజర్‌కి కూడా నెలాఖరుకి లెక్కలుంటాయి. అందుకే 2016లో పెద్ద కంపెనీలు పార్కింగ్‌కి డబ్బులు మొదలెట్టాయి, అంతకుముందు స్ట్రిప్‌లో పార్కింగ్‌కి డబ్బులా అంటే నవ్వేవాళ్ళు. అందుకే 2020లో కోవిడ్‌కి మూసిన బఫేల్లో చాలావరకు మళ్ళీ తెరుచుకోలేదు. రూమ్ అద్దె కాక రోజుకింత అని పైన వేసే రిసార్ట్ ఫీ సంగతి మీకు తెలిసిందే. ఫ్రంట్ డెస్క్‌లో ఉన్నప్పుడు నేను రోజుకి పాతిక సార్లు చెప్పే మాట అది, "అవునండి, వైఫై వాడకపోయినా కట్టాలి, జిమ్‌కి వెళ్ళకపోయినా కట్టాలి". ఒక పెద్దాయన, తెలుగాయనే, బిల్లు మీద వేలు పెట్టి "ఇది దేనికమ్మా, గాలి పీల్చినందుకా?" అన్నారు, నేను నవ్వకుండా ఉండడానికి చచ్చే కష్టపడ్డా. 2025 మే నుంచి అమెరికా అంతా ఈ ఫీజులు ముందే మొత్తం ధరలో కలిపి చూపించాలని రూల్ వచ్చింది కాబట్టి కనీసం షాక్ బుకింగ్ చేసేటప్పుడే తగులుతోంది. టాక్స్ వేరే, రూమ్ మీద 13 శాతం పైన.

అపోహ: ఆడని జనం ఎక్కువయ్యారు కాబట్టి జూదం తగ్గిపోతోంది

లేదు. వాటా తగ్గింది గానీ మొత్తం తగ్గలేదు. 2024లో వెగాస్ ఉన్న నెవాడా రాష్ట్రం మొత్తంలో కాసినోలు గెలుచుకున్నది 1,560 కోట్ల డాలర్ల దాకా, అప్పటికి అదే రికార్డు. అందులో మూడింట రెండొంతులు స్లాట్ మిషన్లవే, అంటే మనం సినిమాల్లో చూసే కోటు వేసుకుని కార్డులు తిప్పే పెద్దమనుషులది కాదు, ఇరవై డాలర్ల నోటు పెట్టి బటన్ నొక్కే మామూలు జనానిది.

ఇంకో ముక్క చెప్తా, ఇది బయట ఎవరూ చెప్పరు. షో చూడ్డానికో మ్యాచ్ చూడ్డానికో వచ్చి దారిలో సరదాగా ఒక గంట ఆడే మనిషికి రూల్స్ తెలియవు, పక్క టేబుల్‌తో పోల్చి చూడడు. అలాంటి జనం ఎక్కువైన కొద్దీ టేబుల్స్ మీద రూల్స్ కూడా నెమ్మదిగా మారిపోయాయి. బ్లాక్‌జాక్ అనే పేకాటలో పది డాలర్లు పెట్టి మొదటి రెండు కార్డులకే బ్లాక్‌జాక్, అంటే 21, పడితే పాత లెక్కలో పదిహేను డాలర్లు వచ్చేవి. ఇప్పుడు స్ట్రిప్‌లో తక్కువ బెట్టు టేబుళ్ళు చాలావాటి మీద 6:5 అని చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది, అంటే పన్నెండే ఇస్తారు. మూడు డాలర్లే కదా అనిపిస్తుంది, కానీ ఆ ఒక్క మార్పుతో కాసినో మొగ్గు, అంటే మీరు పెట్టిన డబ్బులో సగటున వాడికి మిగిలేది, సుమారు 1.4 శాతం పెరుగుతుంది, ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడేవాడికి అసలు మొగ్గే అర శాతం చుట్టూ ఉండే ఆట అది. రౌలెట్ అని బంతి ఏ అంకె మీద ఆగుతుందో పందెం కాసే చక్రం ఉంటుంది, దాని మీద ఒక సున్నా ఉంటే కాసినో వాటా 2.7 శాతం, రెండు సున్నాలుంటే 5.26, 2016లో స్ట్రిప్‌లోకి మూడు సున్నాల చక్రం వచ్చింది, దానిది 7.69. మా నాన్నది భీమవరం పక్క పల్లెటూరు, సంక్రాంతి గుండాట చూసి పెరిగిన మనిషి. మూడు సున్నాల చక్రం దగ్గర ఒక ఐదు నిమిషాలు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూసి, "ఇదేంటమ్మాయ్, వీడు మన గుండాటోడికంటే ఘనుడు, నలుగురూ చూస్తుండగానే చక్రం మీద తన గదులు తనే పెంచుకున్నాడు" అన్నారు. ఆయన ఒక్క డాలర్ కూడా పెట్టలేదు.

అపోహ: సరే, జూదం కాని డబ్బంతా ఫ్యామిలీలదే

ఇది మా టీమ్‌లో కొత్తగా చేరే పిల్లలు కూడా అనుకుంటారు. అసలు కథ సోమవారం నుంచి గురువారం దాకా జరుగుతుంది.

శుక్ర శనివారాలు రూములు నింపడానికి నాలాంటి మనిషి అక్కర్లేదు. లాస్ ఏంజిలెస్ నుంచి నాలుగైదు గంటల డ్రైవ్, వాళ్ళే వచ్చి పడతారు. మంగళవారం రాత్రి ఎవడు వస్తాడు? స్ట్రిప్‌లాంటి చోట ఒక్కో హోటల్‌కి మూడు వేలు నాలుగు వేల రూములు. మంగళవారం ఖాళీగా పడి ఉన్న రూము బుధవారం పొద్దున్నకి కుళ్ళిన టమాటాతో సమానం, దాన్ని దాచుకుని తర్వాత అమ్ముకోలేం. ఆ మంగళవారాన్ని నింపేది కన్వెన్షన్లు. ఏడాదికి దాదాపు 60 లక్షల మంది ఏదో ఒక మీటింగో ఎగ్జిబిషనో అని మెడలో బ్యాడ్జి వేసుకుని వస్తారు. జనవరిలో సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ఎగ్జిబిషన్ ఒక్కదానికే లక్ష మంది పైన. థ్యాంక్స్‌గివింగ్ అయ్యాక అమెజాన్ క్లౌడ్ వాళ్ళ రీఇన్వెంట్ జరుగుతుంది, ఆ వారం కాఫీ లైన్లో నిలబడితే నాకు హైదరాబాద్ మాదాపూర్‌లో ఉన్నట్టే ఉంటుంది, ముందు తెలుగు వెనక తెలుగు, మధ్యలో ఎవరో "బాస్, కీనోట్‌కి సీట్ దొరికిందా" అంటుంటారు. ఈ జనం జూదం పెద్దగా ఆడరు, నిజమే, కానీ రూమ్ బిల్లు కంపెనీది, డిన్నర్ బిల్లు కంపెనీది, బేరం అనేదే ఉండదు. అదే రూము ఆ వారం మామూలు మంగళవారానికి మూడు నాలుగు రెట్లు పలుకుతుంది, పెట్టేది నేనే, నాకేం సిగ్గు లేదు.

తర్వాత ఆటలు. 2017 దాకా ఈ ఊరికి ఒక్క పెద్ద లీగ్ టీమ్ కూడా లేదు, జూదం ఉన్న ఊళ్ళో మ్యాచ్‌లేంటని లీగులు దూరం పెట్టేవి. ఆ ఏడు ఐస్ హాకీ టీమ్ వచ్చింది, 2020లో అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ రైడర్స్ వచ్చారు, 65 వేల మంది పట్టే స్టేడియం కట్టారు, దానికి ఇచ్చిన ప్రభుత్వ వాటా 75 కోట్ల డాలర్లు హోటల్ రూముల టాక్స్ నుంచే. 2023లో ఫార్ములా వన్ కార్ల రేసు రోడ్ల మీదకే వచ్చింది, అదే ఏడు సెప్టెంబర్‌లో స్ఫియర్ తెరిచారు, 230 కోట్ల డాలర్లు పోసి గుండ్రటి బంతిలా కట్టిన షో హాలు. 2024 ఫిబ్రవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్. వీటికి కుటుంబాలు వస్తాయి, కాదనను, కానీ ఫ్యామిలీ ఈ మొత్తం కథలో వేసవి సెలవుల్లో ఖాళీలు పూడ్చే జనం. నొప్పించాలని కాదు, నా స్క్రీన్ మీద మీరు కనిపించేది అలాగే. 2025లో టూరిస్టులు బాగా తగ్గినప్పుడు మాత్రం ఫ్యామిలీ ప్యాకేజీలు అందరికీ ఒక్కసారి గుర్తొచ్చాయి లెండి.

అపోహ: పిల్లలతో కాసినోలో అడుగు పెడితే పోలీసులు పట్టుకుంటారు

పట్టుకోరు. చాలా హోటళ్ళలో చెక్ఇన్ నుంచి లిఫ్ట్‌కి వెళ్ళే దారే కాసినో మధ్య నుంచి ఉంటుంది, కావాలనే అలా కట్టారు. 21 ఏళ్ళ లోపు వాళ్ళు నడుచుకుంటూ వెళ్ళిపోవచ్చు, ఆగకూడదు, ఆడకూడదు, అంతే రూలు. స్ట్రోలర్ పక్కన పెట్టి "ఒక్క నిమిషం, ఇది నొక్కి వస్తా" అన్నారంటే సెక్యూరిటీ వచ్చి ముందుకెళ్ళమంటాడు. పిల్లాడి చేత సరదాగా బటన్ నొక్కించి ఫోటో తీద్దాం అనుకునే నాన్నలు ప్రతి వేసవిలో ఉంటారు, వద్దు. 1987లో 19 ఏళ్ళ కుర్రాడు ఒకడు స్లాట్ మిషన్ మీద పది లక్షల డాలర్ల జాక్‌పాట్ కొట్టాడు, వయసు చాలదని ఒక్క డాలర్ ఇవ్వలేదు, కోర్టుకెళ్ళినా రాలేదు.

అసలు ఇబ్బంది పోలీసులు కాదు, పొగ. నెవాడాలో లోపల సిగరెట్ మీద 2006లో చట్టం తెచ్చినా కాసినో ఫ్లోర్లకి మినహాయింపు ఇచ్చారు. ఆస్తమా ఉన్న పెద్దవాళ్ళు, చంటిపిల్లలు ఉంటే కాసినో అసలు లేని వీడారా (Vdara) లాంటి హోటల్ చూసుకోండి, లేదా 2020 నుంచి పొగ పూర్తిగా ఆపేసిన పార్క్ ఎంజీఎం. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని రిసెప్షన్ నుంచి లిఫ్ట్ దాకా ఊపిరి బిగబట్టి నడిచింది, లిఫ్ట్ తలుపు మూసుకున్నాక "మీ తాతయ్య చుట్టలే నయం" అంది.

అపోహ: అన్నీ పక్కపక్కనే, నడిచి చూసేయొచ్చు

కనిపించడం పక్కనే కనిపిస్తుంది. బిల్డింగులు ఎంత పెద్దవంటే కంటికి దూరం తెలియదు. లక్సర్ నుంచి బెలాజియో ఫౌంటెన్ల దాకా వెళ్ళేసరికి ముప్పావుగంట, మధ్యలో ఎక్కి దిగే వంతెనలు, పనిచేయని ఎస్కలేటర్ ఒకటి కచ్చితంగా తగులుతుంది. పైగా మనవాళ్ళు అమ్మానాన్నల్ని తెచ్చేది జూన్ జులైల్లో. 2024 జులై 7న ఇక్కడ 120 ఫారన్‌హీట్ కొట్టింది, అంటే మన లెక్కలో 48.9, రెంటచింతల కూడా దండం పెట్టే ఎండ. మార్చి, ఏప్రిల్, అక్టోబర్ రండి. తిండి సంగతి అడగకండి, రైస్ కుక్కర్ తెచ్చుకోండి, నేను చూడనట్టే ఉంటా.

అపోహ: ఫ్రీగా చూసేవి బోలెడు ఉంటాయి

ఉండేవి. ఎంజీఎంలో సింహాల్ని అద్దంలోంచి ఊరికే చూపించేవాళ్ళు, 2012లో తీసేశారు. ట్రెజర్ ఐలాండ్ ఓడల షో 2013లో ఆగిపోయింది. మిరాజ్ అగ్నిపర్వతం 2024 జులైలో హోటల్‌తో పాటే పోయింది, అక్కడ గిటార్ ఆకారంలో టవర్ లేస్తోంది. ఫ్యామిలీ ఫ్యామిలీ అని ఎంత మాట్లాడినా పిల్లలు రోడ్డు మీద నోరు తెరుచుకుని చూసేవి ఒక్కొక్కటే పోయాయి, దీని మీద నాకు నిజంగా కోపమే. బెలాజియో ఫౌంటెన్లు, లోపల ఏటా కొన్నిసార్లు మార్చే పూల తోట, ఫ్లెమింగో హోటల్ పెరట్లో ఫ్లెమింగో పక్షులు, డౌన్‌టౌన్ ఫ్రీమాంట్ వీధి పైకప్పు లైట్లు, ఇవి మిగిలాయి. పూల తోట దగ్గర మా అమ్మ గంటన్నర ఉంది.

అపోహ: కాసినో ఒకటి పెట్టి పక్కన పార్కు కడితే ఏ ఊరైనా వెగాసే

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు. న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీలో 1978లో కాసినోలు మొదలయ్యాయి, చాలా ఏళ్ళు తూర్పు తీరంలో వాళ్ళదే రాజ్యం. పక్క రాష్ట్రాలు కూడా కాసినోలు తెరిచేసరికి, జనానికి ఇంటి దగ్గరే స్లాట్ మిషన్ ఉంటే అంత దూరం ఎందుకు? 2014 ఒక్క ఏడాదిలో నాలుగు మూతబడ్డాయి, అందులో ఒకటి 240 కోట్ల డాలర్లు పోసి రెండేళ్ళ కిందటే తెరిచింది. ఆ నాలుగింటిలో షోబోట్ అనేది తర్వాత కాసినో లేకుండానే హోటల్‌గా తెరుచుకుని 2023లో ఇండోర్ వాటర్ పార్క్ పెట్టింది.

చైనా కింద ఉన్న మకావ్ ఇంకో రకం. జూదంలో వెగాస్‌ని ఎప్పుడో మించిపోయింది, కానీ రాబడి మొత్తం దాని మీదే వేలాడుతుంది. 2019లో 29,000 కోట్ల పటాకాల (అక్కడి కరెన్సీ) పైన వచ్చిన జూదం రాబడి 2022కి 4,200 కోట్లకి పడిపోయింది, సర్కారు ఖజానా గడగడలాడింది. 2023 నుంచి ఆరు కంపెనీలకి పదేళ్ళ లైసెన్సులు కొత్తగా ఇస్తూ, మీరు పెట్టే దాదాపు 11,900 కోట్ల పటాకాల్లో పదింట తొమ్మిది వంతులు జూదం కాని వాటికే పెట్టాలని మెడ మీద కత్తి పెట్టి ఒప్పించారు. వెగాస్‌లో ఇది లాభం కోసం తనంతట తాను జరిగింది, అక్కడ ప్రభుత్వం జరిపిస్తోంది.

నన్నడిగితే ఫ్యామిలీ వరకు బాగా చేసింది సింగపూర్. మన తెలుగువాళ్ళు ఎంతమంది పిల్లల్ని సెంటోసా యూనివర్సల్ స్టూడియోస్‌కి తీసుకెళ్ళి ఫోటోలు పెడతారో లెక్కే లేదు, అదే ఆవరణలో కాసినో ఉందని వాళ్ళలో చాలామందికి తెలియదు, నేను చెప్తే "అవునా!" అంటారు. 2010లో తెరిచినప్పుడే కాసినో ఎంత చోటులో ఉండాలో ప్రభుత్వం గిరి గీసి పెట్టింది, సింగపూర్ పౌరులు లోపలికెళ్ళాలంటే రోజుకి 100 సింగపూర్ డాలర్లు కట్టాలి, 2019లో అది 150 చేశారు. వెగాస్‌లో రూమ్‌కి వెళ్ళాలన్నా స్లాట్ మిషన్లు దాటుకుని వెళ్ళాలి, అక్కడ కాసినోకి వెళ్ళాలంటే పనిగట్టుకుని వెళ్ళాలి. గోవాలో మాండోవి నది మీద ఓడల్లో కాసినోలు ఉన్నాయి, హైదరాబాద్ నుంచి వీకెండ్ విమానాల్లో వెళ్ళే బ్యాచ్‌లు నాకూ తెలుసు, మా పెదనాన్న కొడుకే ఉన్నాడు. కానీ గోవాకి ఫ్యామిలీలు బీచ్ కోసం వెళ్తాయి గానీ ఆ ఓడల వల్ల కాదు.

అపోహ: జూదం వచ్చాకే ఈ ఎడారికి టూరిస్టులు వచ్చారు

1931లో రెండు పనులు ఒకేసారి జరిగాయి, నెవాడా జూదాన్ని చట్టబద్ధం చేసింది, ఇక్కడికి నలభై నిమిషాల దూరంలో హూవర్ డ్యామ్ పని మొదలైంది. డ్యామ్ కడుతుంటే చూడ్డానికే జనం కార్లేసుకుని వచ్చేవాళ్ళు, వచ్చినవాళ్ళు రాత్రికి వెగాస్‌లో దిగేవాళ్ళు. కూలీల కోసం కట్టిన బౌల్డర్ సిటీలో జూదం నిషేధం, ఇప్పటికీ అక్కడ కాసినో లేదు.

మా నాన్నకి స్ట్రిప్ మొత్తంలో ఏదీ ఆనలేదు, డ్యామ్ దగ్గర మాత్రం రెండు గంటలు కదల్లేదు. ఎత్తు 221 మీటర్లు అని బోర్డు చదివి చెప్పా, నాగార్జునసాగర్ 124. ఆయన గోడ మీంచి వంగి కిందకి చూసి, కాసేపు ఏం మాట్లాడకుండా ఉండి, "మరి గేట్లేవమ్మా? మన సాగర్‌కి ఇరవయ్యారు" అన్నారు. స్పిల్‌వేలు పక్క కొండల్లోంచి సొరంగాలుగా ఉంటాయని గైడ్ చెప్పింది నేను తెలుగులో చెప్పేదాకా అక్కణ్ణుంచి రానన్నారు, ఈసారి ఏప్రిల్‌లో వస్తున్నారు, స్ట్రిప్ వద్దంట, మళ్ళీ డ్యామే అంట.